గోడ మీద లేని పేరు

బతికున్న మనిషి పేరు చనిపోయినవాళ్ల కాగితంలో రాయడం పాపమా, చనిపోయిన మనిషి పేరు బతికున్నవాళ్ల కాగితంలో రాయడం పాపమా? ఏడేళ్లు ఈ సందేహాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. జేబులో అని మాటవరసకు అనడం లేదు. ఆదివారం చర్చికి తీసుకెళ్లే రెండు కాగితాలూ ఆ జేబులోనే ఉండేవి. ఒకదానిలో మా ఇంట్లో బతికున్నవాళ్ల పేర్లు, ఇంకోదానిలో పోయినవాళ్ల పేర్లు. ప్రార్థన మధ్యలో మా పాదిరి గావ్రిలో తండ్రి రెండూ చదువుతాడు. కొవ్వొత్తులూ అంతే. బతికున్నవాళ్లకు పై అరలో, పోయినవాళ్లకు కింది అరలో.

మిలుతిన్ పేరు మొదటి కాగితంలో ఉండేది.

మిలుతిన్ నా భార్య దారింకకు తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్లు. దారింకే పెంచింది. నన్ను పెళ్లి చేసుకున్నప్పుడు తమ్ముణ్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దయ్యాక వాడు నదిలో ఇసుక తోడే పడవ మీద పనికి కుదిరాడు. 2005 మార్చిలో కొషావ అనే చలిగాలి వారం రోజులు ఆగకుండా వీచింది. గోలుబాత్స్ ఊరి దగ్గర డాన్యూబ్ నది మీద అలలు పడవలోకి ఎక్కాయి. తాడు కట్టడానికి వెళ్లినవాడు వెనక్కి రాలేదు. పన్నెండు రోజులు వెతికారు. టోపీ దొరికింది.

నలభయ్యో రోజున పక్కింటి దెసాంక పెద్దమ్మ ఏరి కడిగిన గోధుమలు ఒక నీలం ఎనామిల్ గిన్నెలో తెచ్చింది. పోయినవాళ్ల కోసం గోధుమ ఉడకబెట్టడం మా ఆనవాయితీ. చావు జరిగిన ఇంటి ఆడవాళ్లకు చేతులాడవని పొరుగువాళ్లు ఇలా సాయం చేస్తారు. దారింక గేటు దగ్గర నిలబడి గిన్నె అందుకుంది.

"పెద్దమ్మా, బతికున్నవాడికి గోధుమ ఉడకబెట్టరు" అంది.

ఆ గోధుమలు కోళ్లకు పోసింది. గిన్నె బీరువా మీదికెక్కింది. మా వైపు పొరుగింటి గిన్నెను ఖాళీగా తిరిగివ్వరు. ఆ గిన్నెలో గోధుమ తప్ప ఇంకేం పెట్టి ఇచ్చినా తప్పే. కాబట్టి అది అక్కడే ఉండిపోయింది. పెద్దమ్మ ఏనాడూ అడగలేదు. ఇద్దరి మధ్యా మాటలు మాత్రం వాతావరణం దగ్గరే ఆగిపోయేవి.

ఇదంతా ముందు సంగతి. నేను చెప్పాలనుకున్నది 2012 శరదృతువు గురించి.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం నేను ధాన్యం గోదాములో కాటా దగ్గర పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి పెరట్లో కట్టెల పొయ్యి మీద ఎర్ర బుంగమిరపకాయలు మాడిపోతున్నాయి. చలికాలం పచ్చడికి తెచ్చిన నలభై కిలోలు. దారింక అక్కడ లేదు.

"మీ ఆవిడ గంట నుంచీ లోపలే ఉంది" అంది దెసాంక పెద్దమ్మ కంచె మీద నుంచి. "నేను తిప్పుదామనుకున్నాను. నా చెయ్యి మీ పొయ్యి దాకా రాదు గదా."

లోపల మిలుతిన్ గదిలో కంప్యూటర్ ముందు దారింక కూర్చుని ఉంది. చేతులకు మిరప తొక్కలు అంటుకుని ఉన్నాయి.

"మూసేస్తున్నారు" అంది.

"ఏమిటి?"

"ఆట. నవంబరు ఒకటో తారీకు పొద్దున్న. ఫోరం కూడా."

మిలుతిన్‌కు ఆ కంప్యూటర్ ఆట అంటే ప్రాణమని నాకు తెలుసు. అదొక నగరం. మహావీరులు దాన్ని కాపలా కాస్తుంటారు. సముద్రం అవతల ఎవరో తయారుచేశారు. ప్రపంచమంతటా మనుషులు తలా ఒక వీరుడి వేషం కట్టి అందులో తిరిగేవారు. మా భాషవాళ్లకు విడిగా ఒక ఫోరం ఉండేది. అక్కడ ఆడటం ఉండదు, అంతా వాదనే. ఏ వీధి ఎందుకలా వంకర తిరిగింది, ఏ వీరుడు ఎవరి కొడుకు, మంచుగోడ అవతల ఏముంది. దారింకకు ఆడటం రాదు. తమ్ముడి రాతలు చదువుకోవడానికి అప్పుడప్పుడూ ఆ గదిలో కూర్చుంటుందని అనుకునేవాణ్ని. సమాధి లేని ఇంట్లో అదొక సమాధి అనుకుని ఊరుకున్నాను.

పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని, ఏడేళ్లలో మొదటిసారి తెర మీద ఏముందో చదివాను.

ఆ చర్చ పేరు 'దీపధారి బతికే ఉన్నాడా?'. మూడొందల నలభై పేజీలు. దీపధారి ఆ నగరపు వీరుల్లో ఒకడు. మంచుగోడలో తలుపు తెరుచుకుని రాక్షసులు వచ్చిపడుతుంటే, చేతిలో దీపంతో లోపలికి నడిచివెళ్లి ఆ తలుపు మూశాడు. తిరిగి రాలేదు. నగరం నడిబొడ్డున చనిపోయిన వీరుల పేర్లు చెక్కిన పెద్ద రాతిగోడ ఉంది. దాని మీద ఆయన పేరు లేదు.

ఇనుప కొంగ అనే పేరుతో ఒకాయన రాశాడు: "నదికావలీ, ఏళ్ల తరబడి ఒకటే పాటా? చెక్కడం మర్చిపోయార్రా బాబూ. అంతే సంగతి."

నదికావలి జవాబు: "మర్చిపోయేవాళ్లయితే నగరపు రేవుపేటలో నలభై రెండు దీపాలకు నలభై రెండు నీడలు గీస్తారా? నా పదకొండు రుజువులు మళ్లీ చదువు. చదవడం రాకపోతే ఎవరిచేతైనా చదివించుకో."

గంధకం అనేవాడు కింద అందుకున్నాడు: "వీడికి పెళ్లయినట్టుంది గురూ. పోయిన వారం మంచుగోడను పాలమీద మీగడతో పోల్చాడు. ఇదివరకు ఇలా లేడు."

నదికావలి మిలుతిన్ పెట్టుకున్న పేరు. జవాబు రాసిన తేదీ చూశాను. అంతకు ముందు రోజుది.

"ఇది నువ్వు రాశావా?"

దారింక గోళ్లలోని మిరప తొక్క గిల్లుకుంటూ కూర్చుంది.

"వాడు రాసినట్టే రాశాను" అంది. "వాడు మధ్యలో వదిలి వెళ్లాడు. అందరూ 'ఏమయ్యావురా, పారిపోయావా' అని ఎగతాళి చేస్తున్నారు. ఒక్కదానికి జవాబిద్దామనుకున్నాను."

"ఏడేళ్లా?"

"వాళ్లు ఆపితే కదా!"

పెరట్లోంచి మాడు వాసన వచ్చింది. ఇద్దరం లేచి వెళ్లి మిగిలినవి తిప్పాం. ఆ ఏడాది పచ్చడి చేదుగా కుదిరింది.

ఆ శనివారం సాయంత్రం ప్రార్థన అయ్యాక గావ్రిలో తండ్రి చర్చి ఆవరణలో రాలిన ఆకులు ఊడుస్తున్నాడు. నేనూ ఒక చీపురు తీసుకున్నాను.

"తండ్రీ, ఒకరి పేరుతో ఇంకొకరు మాట్లాడితే తప్పా?"

"మా ఆవిడ ముప్ఫై ఏళ్లుగా నా పేరుతోనే మాట్లాడుతోంది. అది తప్పని ఆవిడతో నువ్వు చెప్తావా?" అని నవ్వాడు. నా ముఖం చూసి ఆపేశాడు. "మిలుతిన్ సంగతా?"

జరిగింది చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను. మూడో ఏడు ఒక ఆదివారం మిలుతిన్ పేరు రెండో కాగితంలో రాశాను. రాసి, చేతులారా వాణ్ని నీళ్లలోకి తోసినట్టనిపించి చించేశాను. ఆనాటి నుంచీ పేరు రాయలేదు గానీ, దారింక తల తిప్పినప్పుడు కింది అరలో కూడా ఒక కొవ్వొత్తి పెడుతున్నాను. పైన ఒకటి, కింద ఒకటి.

తండ్రి చీపురు కర్ర మీద గడ్డం ఆనించాడు.

"దేవుడి దగ్గర రెండు కాగితాలు ఉండవు, రాదోవాన్. ఎందులో చదివినా ఆయనకు చేరుతుంది."

"మరైతే మా చేత రెండెందుకు రాయిస్తారు?"

ఆయన ఆకుల కుప్పను చీపురుతో గోడ వారకు నెట్టాడు. "మనం ఎటు తిరిగి నిలబడాలో మనకు తెలియడానికేమో" అన్నాడు చివరికి. "నాకూ సరిగ్గా తెలీదు."

తెలియదని ఒప్పుకున్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. నా సందేహం మాత్రం తీరలేదు.

అక్టోబరులో ఫోరంలో హడావుడి పెరిగింది. మూసేయవద్దని తయారీదారులకు ఉత్తరాలు రాశారు. అరవై వేల సంతకాలు పంపారు. జవాబు రాలేదు. ఇక ఆశ లేదని తేలాక, అందరూ ఎవరికి తోచింది వాళ్లు దాచుకోవడం మొదలుపెట్టారు. ఒకడు వీధుల పేర్లన్నీ ఎక్కించాడు. ఇంకొకడు గోడ మీది పేర్లన్నీ రాసి పెట్టుకున్నాడు. ఇల్లు కూల్చబోతుంటే తలుపులూ కిటికీలూ మోసుకుపోయినట్టుగా ఉంది. ఇనుప కొంగ ఒకరోజు రాశాడు: "నదికావలీ, ఆదివారం మీ స్మెదెరెవోకు వస్తున్నాను. ఇన్నేళ్లు తిట్టుకున్నాం, ఒక్కసారి మొహాలు చూసుకుందాం. రేవు పక్క నీలం గేటు అని ఎప్పుడో చెప్పావుగా."

ఆ గుర్తూ, తన అసలు పేరూ చెప్పింది మిలుతిన్. రావద్దని దారింక రాసింది. ఆయన అది చూడకుండానే బస్సెక్కినట్టున్నాడు.

మేం చర్చి నుంచి వచ్చేసరికి గేటు దగ్గర యాభై అయిదేళ్ల భారీ మనిషి ఒకాయన చంకలో కాగితపు చుట్టతో నిలబడి ఉన్నాడు. ఇనుప కొంగ. అసలు పేరు సిమెయున్. నోవీ సాద్‌లో తాళాలు బాగుచేసే కొట్టు ఉండేదట. మోకాళ్లు పాడై మూసేశాడు.

"మిలుతిన్ ఉన్నాడా?"

నేను నోరు తెరిచాను. దారింక ముందే అందుకుంది.

"పడవ మీద ఉన్నాడు. దిగువకు వెళ్లారు."

"అరెరె. ఎప్పుడొస్తాడు?"

"నీళ్లను బట్టి."

నేను నోరు మూసుకున్నాను. అబద్ధం ఆమెది, మౌనం నాది. రెంటికీ తేడా ఉందని ఇప్పటికీ అనుకోను.

ఆయన్ని కూర్చోబెట్టి చెర్రీ పాకం చెంచాడూ, చల్లని నీళ్లూ, చిన్న గ్లాసులో రకియా సారా, రొట్టెలోకి ఆ ఏటి పచ్చడీ పెట్టాం. ఆయన బల్ల మీద కాగితం విప్పాడు. నగరమంతా చేత్తో గీశాడు. ఒక్కో వీధీ కొలిచి గీశాడు. రేవుపేటలో ఒక మూడో అంతస్తు కిటికీలో పసుపురంగు చుక్క ఉంది.

"మీవాడి పదకొండో రుజువు" అన్నాడు వేలు పెట్టి. "ఈ కిటికీలో దీపం కొన్ని రోజులు వెలుగుతుంది, కొన్ని రోజులు వెలగదు. ఇంకే ఇంట్లోనూ అలా లేదు. దీపధారి వచ్చి వెళ్తున్నాడనడానికి అదే గుర్తు అంటాడు. నాలుగేళ్ల క్రితం పట్టాడు. నాకు కోపం వచ్చింది గానీ, అబ్బో, ఏం చూపు!"

దారింక చెవులు ఎర్రబడ్డాయి. నాలుగేళ్ల క్రితమంటే ఆ చూపు ఆమెదే.

"అంత బాగుంటే మీరెందుకు ఒప్పుకోరు?" అంది.

సిమెయున్ గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

"ఆటలో ఆ గోడ దగ్గర రోజూ ఎవరో ఒకరు పువ్వులు పెడతారు, చెల్లెమ్మా. ఊరూ పేరూ తెలియని చిన్న వీరుడికి కూడా. పేరు కింద రాతి గట్టు ఉంటుంది, అక్కడ. దీపధారికి పెట్టడానికి చోటు లేదు. పేరు లేదు గదా! ఇన్నేళ్లలో ఆయనకు ఒక్క పువ్వు పడలేదు. మీవాడు గెలవాలని నాకూ ఉంటుంది. కానీ వాడు గెలిచినకొద్దీ, ఆయన ఆ మంచులోనే నిలబడి ఉండిపోతాడు."

గోడకు తగిలించిన మిలుతిన్ వానకోటు వైపు ఆయన ఒకసారి చూశాడు. దాని భుజాల మీద దుమ్ము ఉంది. వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆగాడు.

"పచ్చడి కొంచెం మాడింది గానీ బాగుంది. వాడితో చెప్పండి, మీగడ పోలిక నాకు నచ్చిందని."

రాస్తున్నది దారింకేనని ఆయనకు తెలిసిందో లేదో నాకు తెలియదు. పటం మాత్రం మిలుతిన్ మంచం మీద పెట్టి వెళ్లాడు.

అక్టోబరు చివరి వారంలో తయారీదారుల నుంచి జవాబు వచ్చింది. సంతకాల గురించి కాదు. అక్కడ పనిచేసే ఒకతను, పోతూ పోతూ, అభిమానుల ప్రశ్నలకు ఒక సాయంత్రమంతా కూర్చుని సమాధానాలిచ్చాడు. దీపధారి గురించి మూడు వాక్యాలు. గోడను గీసిన మనిషి మధ్యలో ఉద్యోగం మానేశాడట. ఆ పేరు సంగతి తర్వాత ఎవరికీ గుర్తు లేదట. రేవుపేట కిటికీ దీపం ఒక లోపమట, సరిచేయాల్సిన వాటి జాబితాలో ఉండిపోయిందట.

దారింక రెండుసార్లు చదివింది. నేను కాబేజీలు ఉప్పునీటి పీపాలోకి దించుతున్నాను. వచ్చి నా పక్కన నిలబడి రాయి అందించింది, పైన బరువు పెట్టడానికి.

"పదకొండోది పోయింది" అంది.

ఆ రాత్రి ప్రార్థనలో నాకు మనసు నిలవలేదు. తయారుచేసినవాడు మర్చిపోతాడన్న మాట ముల్లులా గుచ్చుకుంది. మమ్మల్ని చేసినవాడు అలా కాదని నమ్ముతాను. అయినా మార్చి పదిహేడున, ఆ గాలిలో, ఆయన ఎటు చూస్తున్నాడని అడగాలనిపించింది. అడిగాను కూడా. జవాబు కోసం వేచి ఉండకుండా పడుకున్నాను.

నవంబరు ఒకటి గురువారం. అక్కడి అర్ధరాత్రి మాకు పొద్దున తొమ్మిది. నేను గోదాముకు ఆలస్యంగా వస్తానని చెప్పాను. ఫోరంలో జనం కిక్కిరిసి ఉన్నారు. వీడ్కోళ్లు, ఏడుపులు, పాత తిట్లు. గంధకం రాశాడు: "నదికావలీ, కనీసం ఇప్పుడైనా ఓడిపోయానని ఒప్పుకోరా. నీకు పుణ్యం ఉంటుంది." ఇనుప కొంగ ఏమీ రాయలేదు.

దారింక తొమ్మిదికి పది నిమిషాలప్పుడు మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం వెతుక్కోకుండా, చకచకా కొడుతుంటే ఆశ్చర్యపోయాను. ఆ చేతులకు ఆ పని ఎంత అలవాటైందో అప్పుడే చూశాను.

"నేను మిలుతిన్‌ను కాదు. వాడి అక్కను. నా పేరు దారింక. మొదటి తొమ్మిది రుజువులు వాడివి. చివరి రెండూ నావి, అవి తప్పు. మా తమ్ముడు 2005 మార్చి పదిహేడున డాన్యూబ్‌లో పోయాడు. ఇన్నేళ్లూ మిమ్మల్ని తిట్టింది నేను. క్షమించండి. ఇప్పుడు గోడ దగ్గర ఎవరైనా ఉంటే, ఎక్కడో ఒకచోట దీపధారికి ఒక పువ్వు పెట్టండి. నాకు ఆడటం రాదు."

'పోయాడు' అన్న మాట ఆమె నోట గానీ చేతి నుంచి గానీ అంతకుముందు రాలేదు.

పంపింది. తెర మధ్యలో చిన్న చక్రం తిరిగింది. చాలాసేపు తిరిగింది. గోడ గడియారం ఇంకా తొమ్మిది చూపించడం లేదు. తర్వాత తెల్లని పేజీ వచ్చింది, అటువంటి చోటు లేదని. ఆ ఉత్తరం వెళ్లిందో లేదో, ఎవరైనా చదివారో లేదో, పువ్వు పడిందో లేదో మాకు తెలియదు. ఇంతవరకూ తెలియలేదు. సిమెయున్ చిరునామా మేం అడగలేదు. ఆయన మళ్లీ రాలేదు.

దారింక పేజీని మళ్లీ తెరవడానికి ప్రయత్నించింది. మూడుసార్లు. ఆపైన లేచి, కంప్యూటర్ మీద ఎప్పుడూ కప్పే గుడ్డ కప్పింది.

"రాదోవాన్, గోదాములో మంచి గోధుమలు ఉన్నాయా?"

"ఉన్నాయి. ఎంత?"

"కిలో చాలు."

నేను టోపీ పెట్టుకుని పనికి వెళ్లాను. సాయంత్రం కిలో గోధుమలు తెచ్చాను.

శనివారం పోయినవాళ్ల దినం. శుక్రవారమంతా ఆమె గోధుమలు ఏరి, కడిగి, ఉడకబెట్టి, గుడ్డ మీద ఆరబోసింది. వాల్‌నట్ పప్పు నూరింది. పొద్దున్నే చర్చిలో నా జేబులోంచి రెండు కాగితాలూ తనే తీసుకుంది. మొదటి దానిలో ఒక పేరు మీద గీత కొట్టి, రెండో దానిలో అడుగున రాసింది. గావ్రిలో తండ్రి అందరి పేర్లతో కలిపి చదివాడు. మిలుతిన్ దగ్గర ఆగలేదు, గొంతు మార్చలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

దారింక కింది అర దగ్గర వంగి కొవ్వొత్తి గుచ్చింది. నేను నాది పట్టుకుని తటపటాయించాను.

"పెట్టు. ఎప్పుడూ పెట్టేవాడివేగా" అంది.

"నీకెలా తెలుసు?"

"నీ చేతికి రెండు చుక్కల మైనం ఉండేది."

"మరి ఏమీ అనలేదేం?"

"నువ్వు చెప్పలేదుగా."

అందరూ శ్మశానానికి వెళ్లారు. మాకు వెళ్లడానికి చోటు లేదు. ఇంటికి వచ్చాం. దారింక కుర్చీ ఎక్కి బీరువా మీది నీలం గిన్నె దించింది. దుమ్ము కడిగింది. ఉడికిన గోధుమ నిండా పోసి, పైన చక్కెర చల్లి, నడిమిన చెంచా వెనకవైపుతో సిలువ గుర్తు అద్దింది. కంచె పక్క గేటు దాకా నేను వెంట వెళ్లాను.

దెసాంక పెద్దమ్మ వాకిట్లో చలికోటు వేసుకుని కూర్చుని ఉంది. ఆమెకు అప్పటికే ఎనభై దాటాయి.

"పెద్దమ్మా, నీ గిన్నె."

ముసలామె గిన్నె వైపు చూసింది, దారింక వైపు చూసింది. కోటు జేబులోంచి చెంచా తీసింది. ఆ రోజు ఆడవాళ్లందరి జేబుల్లోనూ చెంచా ఉంటుంది. ఒక చెంచాడు నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది.

"దేవుడు మిలుతిన్ ఆత్మను క్షమించుగాక" అంది. కాసేపయ్యాక, "చక్కెర తక్కువేశావే" అంది.

"నీకు డాక్టరు వద్దన్నాడుగా."

"డాక్టరా! వాడికేం తెలుసు నా చక్కెర సంగతి."

గోధుమను తన పళ్లెంలోకి ఒంపుకుంది. గిన్నెను కుళాయి కింద పెట్టి, అంచులు తడిమి తడిమి కడిగింది. తుడవకుండానే, వంటింటి బయటి గోడకున్న మేకుకు తగిలించింది. వరసగా అయిదు మేకులు, నాలుగింటికి ముందు నుంచీ నాలుగు గిన్నెలు. మధ్యలోని ఆ మేకు ఏడేళ్లుగా ఖాళీగా ఉండిపోయిందని అప్పుడే నాకు కనిపించింది.